ఛానెల్ దాటి ఫ్రాన్స్‌కు సెస్నాలో: పీ, ఆర్, డీ ఏరియాలు ముందే పట్టుకోవడం ఎలా?

చిన్నరెక్కలు

అందరికీ నమస్తే. పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చి రెండేళ్లు, లాగ్‌బుక్‌లో 140 గంటలు. ఇప్పటిదాకా ఇంగ్లండ్ దక్షిణ తీరం దాటి పోలేదు. వచ్చే నెల క్లబ్ సెస్నా 172 తీసుకుని దక్షిణ తీరంలోని లిడ్ నుంచి ఛానెల్ దాటి ల టూకే, అక్కడి నుంచి తీరం పట్టుకుని డోవిల్, మర్నాడు లోపలికి తిరిగి బెర్జరాక్ వెళ్దామని నేనూ మా స్నేహితుడూ అనుకుంటున్నాం. అతనూ పైలటే, నాకన్నా కొత్త.

వాతావరణం, లైఫ్ జాకెట్లు, ఫ్లైట్ ప్లాన్, కస్టమ్స్ కాగితాలు, వీటి గురించి బెంగ లేదు. బెంగంతా ఎయిర్‌స్పేస్ మీదే. ఫ్రెంచ్ చార్ట్ తెరిస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఎర్ర గళ్లు. స్కైడెమాన్ యాప్‌లో గీత గీశానో లేదో పాతిక హెచ్చరికలు. వీటిలో ఎప్పుడూ మూసి ఉండేవేవి, కొన్ని గంటలే మూసేవేవి, అడిగితే దారిచ్చేవేవి? మనం రోజూ ఎగిరే చోట ఆ పేర్లు చెవిన పడీ పడీ అలవాటైపోతాయి. కొత్త దేశంలో ఆ అలవాటు ఉండదు. మీరంతా ఏ వరసలో చూసుకుంటారో చెప్పండి.

దిక్సూచి

మంచి ప్రశ్న. వెళ్లొచ్చాక కాదు, వెళ్లకముందే అడిగారు, అందుకు సంతోషం.

ముందు అక్షరాలు. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) పద్ధతిలో ప్రతి ఏరియాకూ దేశం గుర్తు, ఆ తర్వాత పీ, ఆర్, డీల్లో ఒక అక్షరం, ఆపైన నంబరు ఉంటాయి. బ్రిటన్‌వి ఈజీతో, ఫ్రాన్స్‌వి ఎల్‌ఎఫ్‌తో, జర్మనీవి ఈడీతో మొదలవుతాయి. పీ అంటే నిషిద్ధం. ఆర్ అంటే నియంత్రితం, షరతులకు లోబడి వెళ్లొచ్చు. డీ అంటే ప్రమాదం, కొన్ని వేళల్లో అక్కడ కాల్పులో, డ్రోన్లో, పారాచూట్లో ఉంటాయి. అక్షరం చూసి బరువు అంచనా వేయకండి. బ్రిటన్‌లో ఫైరింగ్ రేంజ్‌లు ఎక్కువ భాగం డీలే, కానీ కొన్నింటికి స్థానిక శాసనాలున్నాయి, హాట్‌గా (అంటే వాడుకలో) ఉన్న వేళ అడుగు పెడితే నేరమే. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్లు దాటాక ఏ దేశానికీ సార్వభౌమాధికారం లేదు, నిషేధించే హక్కూ లేదు. అందుకే నడిసముద్రం మీద కనిపించేవన్నీ డీలే. అమెరికాలో అలాంటివాటిని వార్నింగ్ ఏరియాలంటారు. క్షిపణికి ఆ తేడా తెలియదు.

ఇక వరస. ఏ దేశానికి వెళ్తున్నా ముందు దాని ఏఐపీ, అంటే ఆ దేశం అధికారిక విమానయాన సమాచార పుస్తకం, తెరుస్తాను. యూరప్ దేశాలకైతే యూరోకంట్రోల్ వారి ఈఏడీ బేసిక్ సైట్‌లో ఉచితంగా నమోదు చేసుకుంటే చాలు, అన్ని దేశాలవీ ఒకచోటే దొరుకుతాయి. అందులో ఈఎన్ఆర్ అనే భాగంలో 5.1 పీ, ఆర్, డీల జాబితా. 5.2 సైనిక శిక్షణ ప్రాంతాలు. 5.5 గ్లైడర్లు, పారాచూట్ల చోట్లు. జీఈఎన్ అనే భాగంలో 1.7 చాలామంది తెరవరు గానీ ఆ దేశం ఐకావో నియమాలకు ఎక్కడెక్కడ పక్కకు జరిగిందో అక్కడే రాసి ఉంటుంది.

ప్రతి ఏరియాకూ కాగితం మీద నాలుగు రాసుకుంటాను: హద్దులు, అడుగు-కప్పు (ఎంత ఎత్తు నుంచి ఎంత ఎత్తు దాకా), వేళలు, ఎవరిని అడగాలి. నాలుగోది రాసుకోకపోతే మొదటి మూడూ గాల్లో అక్కరకు రావు. మీ దారికి రెండు వైపులా 10 మైళ్ల లోపున్న వాటికి చాలు, దేశమంతటికీ అక్కర్లేదు.

ఏటిగట్టు

యాప్‌లో అవన్నీ ఉన్నాయి కదండీ? గీత మీద నొక్కితే అడుగు, కప్పు, ఫ్రీక్వెన్సీ వచ్చేస్తాయి. ఏఐపీ చదవడం రెట్టింపు పని కాదా?

దిక్సూచి

ఏటిగట్టు గారూ, యాప్ నేనూ వాడతాను, అది లేకుండా బయలుదేరను. కానీ యాప్ డేటా ఏఐపీ నుంచే వస్తుంది. ఏఐరాక్ అనే అధికారిక అప్‌డేట్ చక్రం 28 రోజులకోసారి మారుతుంది, అప్‌డేట్ నొక్కకపోతే మీ దగ్గరున్నది పాత బొమ్మ. రెండోది, 'అధికారి అనుమతితో', 'నోటామ్ (పైలట్లకిచ్చే తాత్కాలిక ప్రకటన) ఇచ్చినప్పుడు మాత్రమే', 'సైనిక విమానాలకు మినహాయింపు' లాంటి షరతులు యాప్ పెట్టెలో ఒక పొట్టి వాక్యమైపోతాయి. బొమ్మ యాప్‌లో చూడండి, షరతు ఏఐపీలో చదవండి.

మబ్బుచాటు

నా సంగతి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది.

మూడేళ్ల కిందట ఫ్రాన్స్‌లోనే, జులైలో. దారిలో ఒక తాత్కాలిక ఆర్ ఏరియా, నోటామ్‌లో 1200 నుంచి 1500 వరకు హాట్ అని ఉంది. సరే, మూడు దాటాక బయలుదేరదామని తాపీగా కూర్చుని 3:10కి ఎగిరాను. నోటామ్ వేళలన్నీ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక వేళలో) ఉంటాయని నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా. వేసవిలో ఫ్రాన్స్ గడియారం యూటీసీకి 2 గంటలు ముందు. అంటే నేను ఎగిరింది 13:10కి, సరిగ్గా మధ్యలో. చేతి గడియారం 3:10 చూపిస్తుంటే బుర్ర నోటామ్‌ని కూడా ఆ గడియారంతోనే చదివేసింది.

ఫ్రీక్వెన్సీలో ఉన్న కంట్రోలర్ హద్దుకు 4 మైళ్ల ముందు నా కాల్‌సైన్ పిలిచి, వెంటనే ఎడమకు తిరగమన్నారు. ఆ గొంతులో కంగారు లేదు గానీ నా గుండె జారిపోయింది. పక్క సీట్లో మా ఆవిడ ఉంది. ఆ రోజు నుంచి నీబోర్డు (మోకాలికి కట్టుకునే పలక) మీద రెండో గడియారం యూటీసీలో పెట్టుకుంటున్నాను. కాగితం మీద ఏ వేళ రాసినా పక్కన యూటీసీ గుర్తు 'జెడ్' లేకుండా రాయను.

చిన్నరెక్కలు

మబ్బుచాటు గారూ, మనసు విప్పి చెప్పినందుకు ధన్యవాదాలు. ఇవాళే రెండో గడియారం పెట్టాను.

నోటామ్‌ల దగ్గరే నాకు తల తిరుగుతోంది. మొత్తం దారికి అడిగితే 90 పేజీలు వచ్చాయి. సగం క్రేన్లు, ఆరిపోయిన లైట్లు. ఏరియాలకు సంబంధించినవి ఏరుకోవడం ఎలా?

దిక్సూచి

క్యూ లైన్ చదవడం నేర్చుకుంటే 90 పేజీలు పావుగంటలో తేలిపోతాయి. నోటామ్ మొదట్లో క్యూ అని మొదలయ్యే వరుసలో ఎఫ్ఐఆర్ (ఆ గగనతల విభాగం) పేరు తర్వాత అయిదక్షరాల కోడ్ ఉంటుంది. మొదటిది ఎప్పుడూ క్యూ. రెండు, మూడు అక్షరాలు విషయం: ఆర్‌పీ నిషిద్ధం, ఆర్‌ఆర్ నియంత్రితం, ఆర్‌డీ ప్రమాదం, ఆర్‌టీ తాత్కాలిక నియంత్రితం. చివరి రెండు దాని స్థితి. సీఏ అంటే యాక్టివ్ అయింది. కాబట్టి 'క్యూఆర్‌టీసీఏ' కనిపించిందంటే ఆగి చదవాల్సిందే. 'క్యూడబ్ల్యూఎంఎల్‌డబ్ల్యూ' అంటే క్షిపణి, తుపాకీ లేదా రాకెట్ కాల్పులు జరగబోతున్నాయని. ముందు ఆర్, డబ్ల్యూ కోడ్‌లన్నీ పక్కకు తీసి పెట్టుకోండి.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. క్యూ లైన్ చివర అక్షాంశ రేఖాంశాలు, వాటి పక్కన వ్యాసార్థం ఉంటాయి. అది ఏరియా మొత్తం ఇమిడేలా గీసిన వృత్తం, అసలు ఆకారం కాదు. అసలు హద్దులు 'ఈ' అక్షరం (E) అంశంలో, ఎత్తులు ఎఫ్, జీ అంశాల్లో ఉంటాయి. కొన్ని యాప్‌లు ఆ వృత్తాన్నే గీసి చూపిస్తాయి. దాన్ని చూసి 40 మైళ్లు చుట్టు తిరిగినవాళ్లను చూశాను. అది పర్వాలేదు, డబ్బూ ఇంధనమే పోతాయి. ఆ వృత్తాలు చూసీ చూసీ విసుగొచ్చి అన్నింటినీ పట్టించుకోవడం మానేసినవాళ్లనూ చూశాను. భయపడాల్సింది దానికి.

ఇంకోటి. మూడు నెలలు, అంతకు మించి ఉండే మార్పులు నోటామ్‌లో కాకుండా ఏఐపీ సప్లిమెంట్‌గా వస్తాయి. పెద్ద వేడుకల ఆంక్షలు కూడా, పటంతో చూపాల్సి వస్తుంది కాబట్టి, చాలాసార్లు సప్లిమెంట్‌లోనే ఉంటాయి. నోటామ్ 'ఫలానా సప్లిమెంట్ చూడండి' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఆ ముక్క వదిలేశారో, మొత్తం వదిలేసినట్టే.

లోతట్టు

ఫ్రాన్స్‌లో ఆరేళ్లుగా ఎగురుతున్నాను. సప్లిమెంట్ మాటకు ఒక ఉదాహరణ: 2024 జులై 26న పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం రాత్రి నగరం చుట్టూ 150 కిలోమీటర్ల వ్యాసార్థంలో గగనతలం మూసేశారు. పారిస్ మొహం చూడని పైలట్లు కూడా ఆ పరిధిలోకి వచ్చారు.

చిన్నరెక్కలు, మీ దారిలో నాకు ముఖ్యమనిపించేవి రెండు.

ఒకటి ఆర్‌టీబీఏ. ఇది ఫ్రెంచ్ వైమానిక దళం అతి తక్కువ ఎత్తులో అభ్యాసం చేసుకునే ఆర్ ఏరియాల గొలుసు. వాటిలో ఫైటర్లు గంటకు 900 కిలోమీటర్లు దాటే వేగంతో, మబ్బులోనైనా చీకట్లోనైనా, నేలను అనుసరిస్తూ పోతాయి. మిగతా గగనతలంలో 'చూసి తప్పుకో' అనే నియమం ఉంటుంది కదా, ఇందులో వాళ్లు మిమ్మల్ని చూడరు, తప్పుకోరు. యాక్టివ్‌గా ఉన్నప్పుడు లోపలికి వెళ్లడానికి అనుమతి అడిగే ప్రశ్నే లేదు, చుట్టూ పోవాలి, లేదంటే కప్పు పైనుంచి పోవాలి. ఏ ముక్క ఏ వేళ యాక్టివో ముందు రోజే ఎస్ఐఏ (ఫ్రెంచ్ విమానయాన సమాచార సేవ) సైట్‌లో పెడతారు. సోఫియా బ్రీఫింగ్ అనే ఫ్రెంచ్ సైట్‌లో నోటామ్‌లు చూశాక ఆ పేజీ విడిగా తెరవండి. మార్పులు వస్తుంటాయి, బయలుదేరే ముందు మళ్లీ చూడండి, గాల్లో ఎఫ్ఐఎస్‌ని (రేడియోలో విమాన సమాచారమిచ్చే సేవని) అడిగి ఖాయం చేసుకోండి.

రెండోది అణు విద్యుత్ కేంద్రాలు. వాటి చుట్టూ చిన్న చిన్న వృత్తాలు ఉంటాయి. లోపలి వైపు సివో లాంటివాటికి పెద్ద కూలింగ్ టవర్లున్నాయి, దూరం నుంచే కనబడతాయి. కానీ ల టూకే నుంచి డోవిల్ తీరం వెంట మీకు తగిలే పాన్లీ, పాల్యుయెల్ కేంద్రాలు సముద్రపు నీటితో చల్లబడతాయి, వాటికి టవర్లుండవు. సున్నపురాతి కొండల మొదట్లో ఒదిగి ఉంటాయి. తీరం అందంగా ఉంటుంది, కళ్లు దాని మీదే ఉంటాయి, నేరుగా వాటి నెత్తిమీదకు పోతారు. ఆ రెండు చోట్లా సముద్రం మీదకు ఎంత జరగాలో ముందే గీత గీసుకోండి, కళ్లతో వెతుకుదామనుకోకండి.

ఎస్ఐఏ వాళ్లు చార్టులతో పాటు ఒక అనుబంధ పుస్తకం కూడా ఇస్తారు. ప్రతి జోన్ వేళలూ, చూసేవాళ్లెవరో, ఫ్రీక్వెన్సీ అందులో ఒక వరుసలో ఉంటాయి. దిక్సూచి గారు చెప్పిన నాలుగు గడులు నింపడానికి దాన్ని మించింది లేదు.

తేలికగాలి

ఇంత చదవాలా? నేను ఎప్పుడూ ఎఫ్ఐఎస్‌తో మాట్లాడుతూనే పోతాను. రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ ఆన్‌లో ఉంటుంది. హాట్ ఏరియా వైపు పోతుంటే వాళ్లే ఆపుతారు. మబ్బుచాటు గారిని ఆపారు కదా.

మబ్బుచాటు

ఆపారు, నా అదృష్టం. ఆ కంట్రోలర్ ఆ నిమిషంలో ఇంకో పనిలో ఉంటే? అది ఆయన నామీద చూపిన దయ, ఆయన డ్యూటీ కాదు.

దిక్సూచి

తేలికగాలి గారూ, మీ మాటతో గట్టిగా విభేదిస్తున్నాను. బ్రిటన్ ఎఫ్ఐఎస్ అయిన లండన్ ఇన్ఫర్మేషన్‌లో మీతో మాట్లాడేది ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్, రాడార్ మీద మిమ్మల్ని నడిపించే కంట్రోలర్ కాదు. వాళ్లిచ్చే బేసిక్ సర్వీస్‌లో హద్దులు తప్పించుకునే బాధ్యత పూర్తిగా పైలట్‌దే. అమెరికాలో ఫ్లైట్ ఫాలోయింగ్ అనే రాడార్ సేవలో ఉన్నా అంతే. అడిగితే చెప్తారు, అడగకపోతే చెప్పకపోవచ్చు. కాబట్టి 'డీ ఫలానా నంబరు హాట్‌గా ఉందా' అని మీరే అడగాలి. అడగాలంటే ఆ నంబరు మీ మోకాలి మీద కాగితంలో ఉండాలి. చదివినవాడికే రేడియో సాయపడుతుంది.

బ్రిటన్‌లో దీనికి రెండు సేవలున్నాయి, పేర్లు గుర్తుపెట్టుకోండి. డాయిస్ అంటే ఏరియా హాటో కోల్డో సమాచారం చెప్పేది. డాక్స్ అంటే వీలైతే లోపలి నుంచి దాటడానికి అనుమతిచ్చేది. ఏ ఏరియాకు ఏదో చార్ట్ అంచునే రాసి ఉంటుంది. జవాబు రాకపోతే హాట్‌గా ఉన్నట్టే లెక్క.

తేలికగాలి

సరే, ఒప్పుకుంటున్నా. లండన్ ఇన్ఫర్మేషన్ సంగతి నిజంగా తెలియదు. వాళ్లు నన్ను చూస్తున్నారనే అనుకున్నాను ఇన్నాళ్లూ.

తూర్పుతీరం

అమెరికాలో ఎగిరే ఆలోచన ఉన్నవాళ్ల కోసం. అక్కడ చార్ట్ మీదుండే వాటికన్నా టీఎఫ్ఆర్‌లతోనే (తాత్కాలిక ఆంక్షలతోనే) జాగ్రత్త. అధ్యక్షుడు ఎక్కడికైనా వెళ్తే మామూలుగా 30 నాటికల్ మైళ్ల వలయం, మధ్యలో 10 మైళ్ల గుండ్రం. లోపలి గుండ్రంలోకి మన లాంటి విమానాలు వెళ్లకూడదు. బయటి వలయంలో ఫ్లైట్ ప్లాన్, విడిగా ఇచ్చిన స్క్వాక్ (ట్రాన్స్‌పాండర్) కోడ్, కంట్రోలర్‌తో సంభాషణ మూడూ ఉండాలి, గుండ్రంగా తిరుగుతూ శిక్షణ చేయకూడదు. ప్రయాణం మారితే టీఎఫ్ఆర్ కూడా జరుగుతుంది. రాత్రి చూసింది పొద్దున ఉండకపోవచ్చు, పొద్దున లేనిది మధ్యాహ్నం పుట్టొచ్చు.

30,000 సీట్లు దాటిన స్టేడియంలో పెద్ద లీగ్ మ్యాచ్ ఉంటే, గంట ముందు నుంచి అయిపోయిన గంట దాకా 3 నాటికల్ మైళ్లు, నేల నుంచి 3,000 అడుగులు మూత. దీనికి శాశ్వత నోటామ్ ఒకటే ఉంటుంది, ఆ రోజు మ్యాచ్ ఉందో లేదో మీరే కనుక్కోవాలి. పరాయి దేశం నుంచి వచ్చినవాడికి ఆ ఆటల షెడ్యూల్ ఎలా తెలుస్తుంది? అందుకే నేను దారిలో పెద్ద స్టేడియాలుంటే ముందే చుట్టూ గీత గీస్తాను. వాషింగ్టన్ చుట్టూ 30 మైళ్ల ఎస్ఎఫ్ఆర్ఏ (ప్రత్యేక నియమాల ప్రాంతం) ఇంకో సంగతి: వీఎఫ్ఆర్‌లో (కంటిచూపుతో ఎగిరే నియమాల్లో) దానికి 60 మైళ్ల దగ్గర దాకా వెళ్లాలన్నా ముందు ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) ఆన్‌లైన్ శిక్షణ చేసి ఉండాలి.

ఏడీఎస్-బీ డేటా లింక్ ద్వారా కాక్‌పిట్‌లోకి టీఎఫ్ఆర్‌లు వస్తాయి గానీ ఆలస్యంగా రావచ్చు. బయలుదేరే ముందు ఫ్లైట్ సర్వీస్‌కి ఫోన్ చేయడం నేను మానలేదు.

ఎత్తుకొలత

అందరూ పక్క హద్దుల గురించే మాట్లాడుతున్నారు. నేను చూసిన చొరబాట్లలో చాలా వరకు కింద నుంచో పై నుంచో జరిగినవే.

ఒక లెక్క. ఒక ఆర్ ఏరియా అడుగు ఎఫ్ఎల్ (ఫ్లైట్ లెవెల్) 65, అంటే 6,500 అడుగులు. మీరు కింద నుంచి 6,200 అడుగుల్లో పోతున్నారు, ఆల్టీమీటర్‌లో స్థానిక క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన పీడనం) 993. 300 అడుగులు తేడా ఉందని నిశ్చింత. కానీ ఫ్లైట్ లెవెల్‌ని ప్రామాణిక పీడనం 1013 మీద కొలుస్తారు. 20 హెక్టోపాస్కల్స్ తక్కువ, ఒక్కోదానికి సుమారు 27 అడుగులు, మొత్తం 540. 1013 పెడితే మీ ఆల్టీమీటర్ 6,740 చూపిస్తుంది. మీరు ఏరియాలో 240 అడుగులు లోపలున్నారు.

పీడనం తగ్గిన రోజు ఎఫ్ఎల్‌తో రాసిన అడుగు హద్దులన్నీ నేల వైపు దిగొస్తాయి. ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ (ఆల్టీమీటర్‌ని 1013కి మార్చే ఎత్తు) కూడా దేశానికొకటి. అమెరికాలో 18,000 అడుగులు కాబట్టి అక్కడ నేర్చుకున్న 172 పైలట్ ఆల్టీమీటర్‌లో 1013 పెట్టి ఉండడు. యూరప్‌లో చాలాచోట్ల 5,000 నుంచే లెవెల్స్ మొదలు. ప్రతి ఏరియా అడుగు పక్కన అది సముద్రమట్టం నుంచా, నేల నుంచా, ఫ్లైట్ లెవెలా అని రాసుకోండి, ఆ ఉదయం క్యూఎన్‌హెచ్‌తో అడుగుల్లోకి మార్చుకోండి.

బ్రిటన్‌లో 'టేక్ టూ' అని ఒక సలహా ఉంది: పక్కకు 2 మైళ్లు, నిలువున 200 అడుగులు వదలమని. నేను కొత్త దేశంలో నిలువున 500 వదులుతాను.

చిన్నరెక్కలు

ఎత్తుకొలత గారూ, ఈ లెక్క కాగితం మీద వేసి చూశాక నిజంగా ఒళ్లు జలదరించింది. నా ప్లాన్‌లో ఒకచోట సరిగ్గా ఇలాగే ఉంది.

చివరి సందేహం. అన్నీ చూసుకున్నా పొరపాటున లోపలికి పోతే? పక్కన ఫైటర్ వస్తే ఏం చేయాలి? మా స్నేహితుడు అడగమన్నాడు.

దిక్సూచి

ముందుగా, లోపలున్నట్టు తెలియగానే దాచకండి. ఏ యూనిట్‌తో మాట్లాడుతున్నారో వాళ్లకు చెప్పి, దగ్గరి హద్దు వైపు తిరగండి. ఎవరితోనూ మాట్లాడకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5.

ఇంటర్‌సెప్షన్ (సైనిక విమానం వచ్చి అడ్డగించడం) నియమాలు ఐకావో అనుబంధం 2లో ఉన్నాయి, ప్రతి దేశం ఏఐపీలోనూ ఈఎన్ఆర్ 1.12లో ఉంటాయి. ఒక పేజీ ప్రింట్ తీసి నీబోర్డు వెనక పెట్టుకోండి. వచ్చే విమానం మామూలుగా మీ ఎడమ పక్క, కొంచెం ముందు, కొంచెం పైన నిలుస్తుంది. రెక్కలు ఊపితే 'నా వెంట రా' అని. మీరూ రెక్కలు ఊపి వెంట వెళ్లాలి. 121.5లో పిలవాలి, ఏటీసీ వేరేలా చెప్పకపోతే ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర కోడ్ 7700. అది మీ ముందుకు అడ్డం రాకుండా 90 డిగ్రీలు దాటి ఒక్కసారిగా పైకి మలుపు తీసుకుని వెళ్లిపోతే 'నీ దారిన వెళ్లు' అని. చక్రాలు దించి ఎయిర్‌ఫీల్డ్ చుట్టూ తిరిగితే 'ఇక్కడ దిగు' అని.

ఒక రేడియో ఎప్పుడూ 121.5 మీద ఉంచండి. 1983 సెప్టెంబర్ 1న దారి తప్పిన కొరియన్ ఎయిర్ 007ని కూల్చినప్పుడు 269 మంది పోయారు. ఆ తర్వాతే, 1984లో, ఎగురుతున్న పౌర విమానంపై ఆయుధం వాడరాదని షికాగో ఒప్పందంలో 3 బిస్ అధికరణం చేర్చారు. ఆ అధికరణం మనకోసం ఉంది, వినడం మాత్రం మన చేతుల్లో ఉంది.

లోతట్టు

ఇతర దేశాల గురించి అడిగేవాళ్లకు క్లుప్తంగా: స్విట్జర్లాండ్‌లో డాబ్స్ అని ఆ రోజు హాట్ ఏరియాలన్నీ ఒకే పటంలో ఇస్తారు, చూడముచ్చటగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఆర్ ఏరియాలకు ఆర్ఏ1, ఆర్ఏ2, ఆర్ఏ3 అని హోదాలు: 1 అయితే అనుమతి వస్తుందనుకుని ప్లాన్ చేయొచ్చు, 2 అయితే ప్లాన్ చేయకూడదు గానీ గాల్లో దారి ఇవ్వొచ్చు, 3 అయితే ఆశ వదులుకోవాలి. అన్ని దేశాలూ ఇలా రాస్తే ఎంత బాగుండేదో.

చిన్నరెక్కలు

వెళ్లొచ్చాం! మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

లిడ్‌కి రెండు పక్కలా ఉన్న రేంజ్‌లు, డీ044, డీ141, రెండూ ఆ ఉదయం హాట్. డంజెనెస్ అణు కేంద్రం చుట్టూ చిన్న ఆర్ ఏరియా కూడా ఉంది కాబట్టి టవర్ చెప్పిన దారిలోనే సముద్రం మీదకు వెళ్లాం. తీరం వెంట పాన్లీ, పాల్యుయెల్ దగ్గర ముందే గీసుకున్న గీత పట్టుకుని 4 మైళ్లు సముద్రం వైపు జరిగాం. లోతట్టు గారూ, మీరన్నది అక్షరాలా నిజం. పాన్లీ పక్కకు వచ్చేదాకా మా ఇద్దరికీ అది కనబడలేదు.

బెర్జరాక్ రోజు. ముందు రాత్రి చూసిన పేజీలో మా దారికి అడ్డంగా ఉన్న ఆర్‌టీబీఏ ముక్క మధ్యాహ్నం దాకా ఖాళీ. పొద్దున ఏడింటికి మళ్లీ చూస్తే 0900 జెడ్ నుంచి యాక్టివ్. మేం అక్కడికి చేరేది 0920 జెడ్‌కి. పైనుంచి పోదామంటే మబ్బు అడ్డం. గంటన్నర ఆలస్యమైనా పడమర నుంచి చుట్టు తిరిగాం, మధ్యలో ఒకచోట ఇంధనం పోయించుకున్నాం. చుట్టు తిరిగేటప్పుడు ఎఫ్ఐఎస్‌ని ఆ ముక్క నంబరు చెప్పి అడిగాను. 'యాక్టివ్, కన్ఫర్మ్డ్' అన్నారు. రెండు నిమిషాల తర్వాత మాకు ఓ పక్కన, చాలా కింద, ఏదో బూడిద రంగు గీత అడవి మీదుగా పోయింది. మా స్నేహితుడు చూశాడు, నేను తల తిప్పేలోపు లేదు.

మబ్బుచాటు

క్షేమంగా వచ్చారు, అదే చాలు. ఆ ఏడింటి పేజీ స్క్రీన్‌షాట్ ఉంటే ఇక్కడ పెట్టండి. కొత్తగా వచ్చేవాళ్లకు రాత్రి పేజీకీ పొద్దున పేజీకీ తేడా ఎలా ఉంటుందో కళ్లారా కనబడుతుంది.

చిన్నరెక్కలు

రెండూ ఉన్నాయి, ఈ రాత్రి పెడతాను. నాలుగు గడుల కాగితం ఫొటో కూడా.